నిలిచిన నీరే పంట



శ్రీ వేంకటేశ్వరస్వామివారి దర్శనానికి వచ్చే ప్రతి భక్తునికీ అనుభవంలో ఉన్న విషయంతో ఈ ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాం. కొండమీదికి చేరిన తరువాత వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చోవలసి ఉంటుంది. తలుపు ఎప్పుడు తీస్తారో తెలియదు. పసిబిడ్డ ఏడుస్తుంది. పెద్దవారికి మోకాళ్లు నొప్పిపెడతాయి. వ్యాపారికి మూసి వచ్చిన దుకాణం గుర్తుకు వస్తుంది. ఉద్యోగికి సెలవు గడువు గుర్తుకు వస్తుంది. "ఇంత కాలం వ్యర్థమైపోయెనే!" అని లోలోపల అనుకోని వారు అరుదు. తీరా స్వామివారి ఎదుట నిలిచేది కొన్ని క్షణాలే. ఆ కొన్ని క్షణాలకు ఇంత నిరీక్షణ అవసరమా అన్న సందేహం ఎందరికో కలుగుతున్నది.

ఈ సందేహం గుడికి మాత్రమే సంబంధించినది కాదు. వ్యాపారం పెట్టినవానికి లాభం ఈ నెలలోనే రావాలి. చదువుకున్న కుమారునికి ఉద్యోగం ఈ ఏడే కావాలి. విత్తు నాటిన మరునాడే పండు కోయాలన్న తొందర నేడు ప్రతి ఇంటిలోనూ కనబడుతున్నది.

మన పెద్దలు ఈ విషయంలో రెండు మాటలు చెప్పారు. "నిదానమే ప్రధానం" అన్నారు. "ఆలస్యం అమృతం విషం" అని కూడా అన్నారు. ఒకటి ఆగమంటున్నది. రెండవది ఆగితే అమృతమే విషమవుతుందని హెచ్చరిస్తున్నది. ఈ రెండింటిలో ఏ మాటను పట్టుకొని నడవాలి? దీనికి సమాధానం వేదాంత గ్రంథాలలో ఉన్నది. దానితోపాటు మన తిరుమల తిరుపతి ఆలయాల గోడలమీది శాసనాలలోనూ, మన ప్రాంతపు చెరువుకట్టలమీదనూ ఉన్నది. ఆ చరిత్రను నేడు కొంత ముచ్చటించుకుందాం.

మెట్టు ఎంత అవసరమో మండపం అంత అవసరం

అలిపిరి నుండి తిరుమలకు నడిచే దారిలో మూడువేల అయిదువందలకు పైగా మెట్లు ఉన్నాయి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడేవరకు సామాన్య యాత్రికునికి కాలినడకే శరణ్యం. ఆ దారి పొడవునా పూర్వులు మెట్లు పేర్చారు. మెట్లతోపాటు అక్కడక్కడా మండపాలు కూడా కట్టించారు. మెట్టు ఎక్కడానికి. మండపం ఆగడానికి. కొండ ఎక్కించడం ఎంత పుణ్యమో, ఎక్కేవానికి కాస్త నీడ చూపి కూర్చుండబెట్టడం కూడా అంతే పుణ్యమని వారు తలచారు. గాలిగోపురం దాటి మోకాలిమెట్టు చేరేసరికి ఎంతటి బలశాలికైనా ఆ మండపం విలువ తెలుస్తుంది. ఆగకుండా ఎక్కుదునని పంతం పట్టినవాడు సగం దారిలో చతికిలబడతాడు. ఆగి ఆగి ఎక్కిన ముసలమ్మ గోవిందనామం చేస్తూ ఆనందనిలయం ముందు నిలుస్తుంది.

ఈ కొండదారిలో ఒక బాలుడు ఆగిన కథ తెలుగువారందరికీ తెలిసినదే. కడప సీమలోని తాళ్లపాక నుండి ఎనిమిదేళ్ల ప్రాయంలో యాత్రికుల వెంట వచ్చిన అన్నమయ్య, మోకాళ్లపర్వతం దగ్గర అలసి ఆకలితో ఒక వెదురుపొద నీడన సొమ్మసిల్లాడనీ, అప్పుడు అలమేలుమంగమ్మ ప్రత్యక్షమై, ఈ కొండ సాలగ్రామమయమని తెలిపి, పాదరక్షలు విడువుమని చెప్పి, ప్రసాదం పెట్టి సేద తీర్చినదనీ, ఆయన మనుమడు చిన తిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్ర చెబుతున్నది. బాలుని నోట అమ్మవారిపై శతకం వెలువడినది ఆ విశ్రాంతి తరువాతనే. నడక ఆగిన చోట కవిత్వం మొదలైనది. అలసట వచ్చినప్పుడు ఆగడం ఓటమి అని మనం అనుకుంటాం. అమ్మవారి కరుణ ఆ బాలునికి ఎదురైనది మాత్రం అక్కడనే.

గోడమీది ఒప్పందాలు

ఇక అసలు విషయానికి వద్దాం. తిరుమల తిరుపతి ఆలయాలలోని శాసనాలను దేవస్థానం పురావస్తు పండితులైన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు శ్రమకోర్చి పరిశీలించి, 1930లో వాటిపై విపులమైన నివేదిక వెలువరించారు. అటుపై శాసనపాఠాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటి సంఖ్య వెయ్యికి పైమాటే. అధికభాగం తమిళంలోనూ, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృత భాషలలోనూ ఉన్నాయి.

శాసనమనగానే రాజుల బిరుదులు, విజయయాత్రలు ఉంటాయని మనం ఊహిస్తాం. ఈ శాసనాలలో అనేకం ఒక విధమైన ఒప్పంద పత్రాలు. విజయనగర కాలపు ఒప్పందం సాధారణంగా ఇలా సాగుతుంది. ఒక భక్తుడు తన పేరున స్వామివారికి నిత్యం ఒక నైవేద్యం జరగాలని, లేదా ఫలానా ఉత్సవదినాన ఒక ఆరగింపు జరగాలని కోరుకుంటాడు. అందుకుగాను ఇన్ని నర్పణాలు అని రొక్కం శ్రీభండారంలో చెల్లిస్తాడు. ఆలయపాలకులైన స్థానత్తార్లు ఆ పైకాన్ని స్వీకరించి మాట ఇస్తారు. ఈ సొమ్మును స్వామివారి గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించడానికి, బాగు చేయించడానికి వినియోగిస్తాం. అందువల్ల పెరిగిన పంటతో మీరు కోరిన నైవేద్యం జరిపిస్తాం. నివేదించిన ప్రసాదంలో దాతకు రావలసిన నాలుగవ వంతు ముట్టజెబుతాం. సూర్యచంద్రులు ఉన్నంతవరకు, మీ సంతతి పరంపరగా ఈ కట్టడి సాగుతుంది. ఇదీ ఆ ఒప్పందాల సారాంశం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఆ రొక్కంతో ఆ ఏడే బియ్యం, నెయ్యి, బెల్లం, పెసరపప్పు కొని మహావైభవంగా నివేదించి ఉండవచ్చు. ఊరంతా దాతను కొనియాడేది. ఒక్క పండుగ ఘనంగా జరిగేది. మరుసటి ఏడు పైకం ఉండేది కాదు, పండుగ ఉండేది కాదు. ఆ దాత, ఆ పాలకులు అలా తొందరపడలేదు. సొమ్మును పొయ్యి దగ్గరికి పంపక ముందుగా మట్టిలోకి పంపారు. ఎండాకాలంలో పూడిక తీయాలి, కట్ట పోయాలి, కాలువ సరిచేయాలి. తరువాత వాన కోసం చూడాలి. మన సీమలో ఆశ్వయుజ కార్తీకాలలో ఈశాన్య దిక్కునుండి వచ్చే వానలే చెరువులను నింపుతాయి. చెరువు నిండిన పిమ్మట నారు పోయాలి, నాటాలి, కోయాలి, నూర్చాలి. అప్పుడు ధాన్యం శ్రీభండారం చేరుతుంది. సొమ్ము చెల్లించిన నాటికీ, ఆ సొమ్ము పండిన నాటికీ నడుమ ఇంత ఎడం ఉన్నది. ఆ ఎడాన్ని ఓర్చుకోగలిగినందువల్లనే ఒక్కనాటి దానం నిత్యనైవేద్యంగా మారినది.

బర్టన్ స్టైన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1960లో ఈ శాసనాలను ఆధారం చేసుకొని ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశారు. మధ్యయుగంలో దక్షిణదేశపు దేవాలయం ఆరాధనాస్థలంగానే గాక, వ్యవసాయాభివృద్ధికి పెట్టుబడి సమకూర్చే సంస్థగా కూడా పనిచేసినదని తిరుపతి ఆలయమే ఉదాహరణగా ఆయన నిరూపించారు. మన పూర్వులకు మాత్రం ఇది రెండు వేర్వేరు పనులుగా కనబడి ఉండదు. దేవుని సొమ్ముతో చెరువు బాగుపడితే రైతు ఇల్లు నిండుతుంది. రైతు ఇల్లు నిండితే దేవుని పళ్లెం నిండుతుంది.

ఈ దాతలలో అన్ని తరగతులవారూ ఉన్నారు. చంద్రగిరి దుర్గం నుండి ఏలి, 1485లో విజయనగర సింహాసనం అధిష్ఠించిన సాళువ నరసింహరాయలు ఉన్నారు. ఆయన కాలంలో ఇక్కడి ధర్మకార్యాలను నిర్వహించిన కందాడై రామానుజయ్యంగారు ఉన్నారు. 1513లో మొదటిసారి స్వామివారిని సేవించుకొని, ఆ తరువాత పలుమార్లు వచ్చి అపార కానుకలు సమర్పించిన శ్రీకృష్ణదేవరాయలు ఉన్నారు. వీరి సరసనే వర్తకులు, ఆచార్యపురుషులు, అధికారులు, ఆలయంలో ఆడిపాడే స్త్రీలు కూడా ఉన్నారు. కానుకలలో హెచ్చుతగ్గులు ఉండవచ్చును. రాజు సొమ్ముతో త్రవ్వినా, గుడిలో పాడే స్త్రీ సొమ్ముతో త్రవ్వినా, చెరువు నిండడానికి వానకాలం వరకు ఆగవలసినదే. ఆ నిరీక్షణలో రాజుకు రాయితీ లేదు.

రెండేళ్లు, వేయిమంది

ఒక చెరువు కట్టడానికి ఎంత ఓర్పు కావాలో చెప్పే శాసనం మన పొరుగునే కడప జిల్లా పోరుమామిళ్లలో ఉన్నది. విజయనగర చక్రవర్తి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ ప్రాంతాన్ని పాలిస్తూ త్రవ్వించిన పెద్ద చెరువును గురించి 1369 నాటి ఆ శాసనం తెలుపుతున్నది. ప్రతిదినం వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేళ్లపాటు పని చేశారట. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా శాసనకర్త లెక్కించి చెప్పాడు. ఆ దోషాలలో రెండు గమనించదగినవి. నీరు కొద్దిగా ఉండి నేల విస్తారంగా ఉండడం ఒక దోషం. నేల కొద్దిగా ఉండి నీరు అతిగా ఉండడం మరొక దోషం. అంటే ఎంత నీటిని ఆపాలో, ఎంత నేలకు ఆపాలో ముందుగా తూచి చూడాలి. ఊరికే ఆపితే చాలదు.

ఆ వేయిమందిలో ఎందరో ఆ చెరువు క్రింద ఒక్క మడి కూడా లేనివారై ఉంటారు. వారు మోసిన మట్టి ఆరున్నర శతాబ్దాల తరువాత కూడా ఆ ఊరి పేరును నిలుపుతున్నది.

ఓర్పుకు మూడు అంగాలు

చెరువు అంటే ఏమిటి? ఆగిన నీరు. కొండమీద కురిసిన వాన ఆగకపోతే ఒక్క పూటలో ఏరై, సముద్రం పాలవుతుంది. వానలు తక్కువగా పడే మన రాయలసీమలో నీటిని ఆపినవాడే అన్నం తిన్నాడు. అందుచేత చెరువును మించిన గురువు మనకు లేదు. చెరువుకు ప్రధానంగా మూడు భాగాలు ఉంటాయి. కట్ట, తూము, మొరవ. కట్ట నీటిని ఆపుతుంది. తూము అవసరమైన వేళ అవసరమైనంత విడుస్తుంది. మొరవ మిగులు నీటిని బయటికి పంపి కట్టను కాపాడుతుంది. మనిషి ఓర్పుకు కూడా ఈ మూడూ ఉండాలని మేము మనవి చేస్తున్నాం.

మొదటిది కట్ట. ఇది నిగ్రహం. చిత్తూరు సీమలో మామిడితోట పెట్టిన రైతును అడగండి. తోతాపురి అంటు నాటిన తొలి రెండు మూడేళ్లలో పూత వచ్చినా దానిని గిల్లివేస్తారు. చేతికి వచ్చిన కాయను ఎందుకు వదులుకుంటారని అడిగితే, చెట్టు బలపడనీయండి అంటారు. నాలుగైదేళ్లు ఆగిన చెట్టు తరువాత కొన్ని దశాబ్దాలు కాస్తుంది. వ్యాపారంలో తొలి లాభాన్ని ఇంటి ఆడంబరానికి ఖర్చు చేయక మరల వ్యాపారంలోనే నిలిపినవాడు ఈ పూత గిల్లిన రైతువంటివాడు. కోపంతో వ్రాసిన ఉత్తరాన్ని ఆ రాత్రికి తలక్రింద పెట్టుకొని, తెల్లవారి మరల చదివి చూచినవాడు కూడా అటువంటివాడే. ఎందరి భాగస్వామ్యాలు, ఎందరి అన్నదమ్ముల పొత్తులు ఆ ఒక్క రాత్రి ఆగకపోవడం వల్ల చెడిపోయాయో మనకు తెలియనిది కాదు. శ్రీమద్భగవద్గీత పదహారవ అధ్యాయంలో భగవానుడు దైవీసంపదను వివరిస్తూ క్షమను, ధృతిని అందులో చేర్చి చెప్పాడు. సంపద అన్న మాటను గమనించండి. ఓర్పు కూడా కూడబెట్టుకొనే ధనమే.

రెండవది తూము. ఇది కాలజ్ఞత. ఆపడం ఎంత తెలియాలో, ఎప్పుడు విడవాలో కూడా అంత తెలియాలి. దీనికి ఆంజనేయస్వామివారే మనకు ఆదర్శం. నూరు యోజనాల సముద్రాన్ని దాటిన వేగం ఆయనది. ఆ వేగం ఒక్కటే ఉంటే సీతమ్మ జాడ దొరికేది కాదు. లంకంతా వెదికి, అమ్మ కనబడక నిరాశ చెంది, ఆయన ఒక చోట ఆగి ఆలోచించాడు. అప్పుడే వెదకకుండా మిగిలిన అశోకవనం కంటబడినది. అమ్మను చూచిన తరువాత కూడా వెంటనే ముందుకు దూకలేదు. రాక్షసస్త్రీలు ఉన్నారు, అమ్మ భయంతో ఉన్నది, తాను వానరుడు. శింశుపావృక్షంమీద దాగి, ఏ మాటతో మొదలుపెట్టాలో తూచి, రామకథతో ప్రారంభించాడు. అదీ తూము తీయవలసిన వేళ తెలియడం. అదే మహానుభావుడు లంకాదహనం తరువాత, ఈ మంటలలో అమ్మకు ఏమైనా అయినదేమోనని తన కోపాన్ని తానే నిందించుకొన్నాడని వాల్మీకి మహర్షి చెప్పారు. హనుమంతుడంతటివాడు తన తొందరను తాను ప్రశ్నించుకొన్నప్పుడు, మనం ప్రశ్నించుకొనకపోవడం తగునా?

మన ప్రాంతపు వృత్తులలో ఈ కాలజ్ఞత చూడాలంటే శ్రీకాళహస్తి వెళ్లాలి. అక్కడి కలంకారీ పనివారు నూలుగుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఎండబెడతారు. నల్లగీతకు కావలసిన ద్రావణాన్ని తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీటిలో కలిపి రెండు మూడు వారాలు పులియబెడతారు. గీత గీసి ఆరబెట్టాలి, పటిక పూసి ఆరబెట్టాలి, రంగులో ఉడకబెట్టాలి, పారే నీటిలో ఉతకాలి, మరల ఆరబెట్టాలి. ఒక మెట్టు తొందరపడి దాటితే రంగు పట్టదు, పట్టినా నిలవదు. కలం పట్టిన కాలం కంటే ఆరడానికి ఆగిన కాలం కూడా తక్కువేమీ కాదు. ఆ కాలాన్ని పని లేని కాలమని వారు అనుకోరు. గుడ్డ తన పని తాను చేసుకొంటున్నదని వారికి తెలుసు.

మూడవది మొరవ. దీనిని గురించి చెప్పుకొనే ముందు, నీటి చెరువుకాని మరొక చెరువును చూచి రావాలి.

రాగిరేకుల చెరువు

తిరుమల ఆలయంలో సంకీర్తన భాండాగారమని ఒక చిన్న గది ఉన్నది. దానిని తాళ్లపాక అర అని కూడా అంటారు. అన్నమాచార్యులవారు (1408–1503) ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. ఆయన కుమారులు పెద తిరుమలాచార్యులవారు ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించారు. తాటాకుమీద వ్రాయించడం సులభం, ఖర్చు తక్కువ. రాగిమీద ఒక్కొక్క అక్షరం చెక్కాలంటే ఎంత కాలం, ఎంత ధనం పట్టిందో ఊహించుకోవచ్చును. అటువంటి రేకులు రెండువేలకు పైగా సిద్ధమై ఆ గదిలో చేరాయి. తరువాతి కాలంలో విజయనగర ప్రాభవం తగ్గినది. ఏలికలు మారారు. 1843 నుండి 1933 వరకు ఆలయపాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో నడిచినది. పాటలు లోకం నోట తగ్గిపోయినా రేకులు గదిలో భద్రంగానే ఉన్నాయి.

1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంప్‌బెల్ అనే ఆంగ్లేయ అధికారి ఈ రేకుల సంగతి విని, ఒక పండితుని పంపి పరీక్ష చేయించాడు. ఒక వ్యాకరణ గ్రంథం తప్ప తక్కినవన్నీ దేవునిపై స్తోత్రాలేనని తేలడంతో ఆ విషయం అంతటితో ముగిసినది. ఆయనకు కావలసినది వేరు. చూచిన కన్ను తొందరలో ఉన్నది. మరి నూరేళ్లు గడిచాయి. 1922 ప్రాంతంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి చూపు ఆ రేకులపై నిలిచినది. ఆ తరువాత వాటిని కొండ దిగువకు తెప్పించి, చదివి, ప్రతులు వ్రాసి, పరిష్కరించే పని ఏళ్ల తరబడి సాగినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి మహనీయులు అందులో పాలుపంచుకొన్నారు. శర్మగారు ఎన్నో కీర్తనలకు స్వరాలు కూర్చారు. 1978లో దేవస్థానంవారు అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించారు. నేడు తెల్లవారకముందే తెలుగువారి ఇళ్లలో వినబడే ఆ పాటలు దాదాపు నాలుగు శతాబ్దాలు చీకటిలో వేచి ఉన్నవేనని ఎందరికి జ్ఞాపకం ఉంటున్నది?

పెద తిరుమలాచార్యులవారు ఫలితం చూడలేదు. ఆయన కట్ట పోశారు. ఎన్నో తరాల తరువాత ఒక పండితుడు తూము తీశాడు. రెండవ పని జరగకపోతే మొదటి పని గదిలోనే ఉండిపోయేది. దాచడం ఓర్పులో సగం మాత్రమే. దాచినదాన్ని శ్రద్ధతో విప్పి పదిమందికీ పంచినప్పుడే అది పూర్ణమవుతుంది.

ఏ విషయంలో ఆగకూడదు

ఇప్పుడు మొరవ సంగతి చూద్దాం. ఓర్పు పేరుతో సోమరితనాన్ని కప్పిపుచ్చుకొనేవారు లోకంలో తక్కువ లేరు. "దేవుడే చూచుకుంటాడు" అని చేతులు కట్టుకొనే వానికీ, కట్ట పోసి వానకోసం చూచే వానికీ నడుమ ఎంతో దూరం ఉన్నది. శాసనాలలోని దాత ఊరికే వేచి ఉండలేదు. ముందు సొమ్ము చెల్లించాడు, పూడిక తీయించాడు, ఒప్పందం రాతిమీద చెక్కించాడు, ఆ తరువాత వేచి ఉన్నాడు. తాను చేయవలసిన పని మిగిల్చుకొని వేచి ఉండడం నిరీక్షణ అనిపించుకోదు.

తిరుపతి సమీపంలో రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలవారి కాలం నాటిదని జనం చెప్పుకొనే విస్తారమైన చెరువు అది. 2021 నవంబరులో అతివృష్టి కురిసి తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు, ఆ చెరువుకట్టనుండి నీరు కారడం మొదలైనది. దిగువ గ్రామాలవారు ఇళ్లు విడిచి సురక్షిత స్థలాలకు తరలిపోవలసి వచ్చినది. రేయింబవళ్లు ఇసుక బస్తాలు వేసి కట్టను నిలబెట్టారు. స్వామివారి దయవల్ల పెనుప్రమాదం తప్పినది. ఆ దినాలలో ఈ సీమలో ఉన్నవారెవరూ ఆ భయాన్ని మరువలేరు.

శతాబ్దాలు నిలిచిన కట్ట కూడా మన శ్రద్ధ లేనిదే నిలవదని ఆ దినాలు చెప్పాయి. పూడిక తీయడానికి, కట్టమీది గండి పూడ్చడానికి, మొరవకు అడ్డు తొలగించడానికి "తరువాత చూద్దాం" అనరాదు. ఇక నీరు నిలవవలసిన చోట ఇండ్ల స్థలాలు వేసి త్వరగా ధనవంతులం కావాలని తొందరపడితే, నీరు కూడా తొందరపడుతూ మన వీధులలోకే వస్తుంది. ఆగవలసిన చోట ఆగకపోవడం, ఆగకూడని చోట ఆగడం ఈ రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

అందుచేత "ఆలస్యం అమృతం విషం" అన్న పెద్దల మాట కూడా సత్యమే. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడంలో ఆలస్యం పనికిరాదు. పనివాని కూలి చేతిలో పెట్టడంలో పనికిరాదు. మంచం పట్టిన తల్లిదండ్రులను చూచి రావడంలో, చేసిన తప్పుకు క్షమాపణ చెప్పుకోవడంలో పనికిరాదు. అప్పు తీర్చే విషయంలో అసలే పనికిరాదు. పద్మావతీదేవితో వివాహానికి కుబేరుని వద్ద అప్పు చేసిన శ్రీనివాసుడు, కలియుగాంతం వరకు వడ్డీ చెల్లిస్తూనే ఉన్నాడని మన పురాణగాథ. జగన్నాథుడే తన బాకీని మరచిపోక చెల్లిస్తుండగా, మన బాకీలను ఓర్పు పేరుతో వాయిదా వేయడం భక్తి అనిపించుకోదు.

తనకు రావలసినదాని విషయంలో నిదానం, ఇతరులకు ఇవ్వవలసినదాని విషయంలో తొందర. ఈ ఒక్క సూత్రం మనసులో ఉంటే రెండు సామెతలకూ వైరం లేదు. ఒకటి కట్ట సంగతి చెబుతున్నది, మరొకటి మొరవ సంగతి చెబుతున్నది. రెండూ ఉన్న చెరువే వానకు నిలుస్తుంది.

నిరీక్షణలో నిండడం

భక్తులారా! మొదట అడిగిన ప్రశ్నకు మరల వద్దాం. కొన్ని క్షణాల దర్శనానికి అన్ని గంటల నిరీక్షణ ఎందుకు? చెరువు నిండడానికి నెలలు పడుతుంది, మడికి నీరు పారడానికి కొన్ని గడియలు చాలు. ఆ కొన్ని గడియలు పంటనివ్వాలంటే ముందు చెరువు నిండి ఉండాలి. క్యూలో కూర్చున్న గంటలు మన మనస్సు నిండడానికి ఇచ్చిన గంటలు. ఆ కాలంలో విసుగు నింపుకొంటే స్వామి ఎదుట విసుగుతోనే నిలుస్తాం. నామం నింపుకొంటే నామంతో నిలుస్తాం. ప్రక్కన అలసి కూర్చున్న అవ్వకు ఒక గుక్క మంచినీరు అందిస్తే, ఆ పుణ్యంతో నిలుస్తాం. దర్శనం అందరికీ ఒక్కటే. తెచ్చుకొన్న పాత్రను బట్టి అందుకొన్నది ఉంటుంది.

ఇంటికి వెళ్లిన తరువాత కూడా ఈ పాఠాన్ని మరువవద్దని మా ప్రార్థన. పెద్ద కాగితంమీద సంతకం చేయవలసి వచ్చినప్పుడు ఒక్క రాత్రి ఆగండి. కోపం వచ్చినప్పుడు ఒక్క పూట ఆగండి. వ్యాపారంలో లాభం రాని తొలి ఏడు, కట్ట గట్టిగా ఉన్నదో లేదో చూచుకొని మరి కొంత ఆగండి. పిల్లల చదువు, పెండ్లి, ఉద్యోగం విషయంలో పొరుగింటి పిల్లలతో పోల్చి తొందరపెట్టకండి. ఏ చెట్టు పూత దానికి ఉంటుంది. మీ ఊరిలో చెరువు ఉంటే ఒకసారి కట్టమీద నడిచి, తూము ఎలా ఉన్నదో, మొరవ ఎలా ఉన్నదో చూచి రండి. బాగుచేయవలసినది ఉంటే నలుగురిని కూడగట్టండి. తిరుమల గోడలమీద తమ పేర్లు నిలుపుకొన్న దాతలు చేసిన పని అదే. స్వామివారి సేవకు అంతకంటే పాతదైన మార్గం ఈ సీమలో వెదకినా దొరకదు.

శ్రీ పద్మావతీ సమేతుడైన శ్రీనివాసుడు మీకందరికీ ఆగవలసిన చోట ఆగే ఓర్పును, కదలవలసిన వేళ కదిలే బుద్ధిని ప్రసాదించుగాక!

గోవిందా! గోవింద!

స్వస్తి.